కెమిస్ట్రీ మొదటి మెట్టు: పదార్థం, కొలతలు, యూనిట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

కెమిస్ట్రీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి మొదటి రెండు మూడు చాప్టర్లలో వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని పక్కకు నెట్టేసి ముందుకెళ్లిపోతే తర్వాత మోల్ లెక్కల దగ్గర, ద్రావణాల దగ్గర అవే మళ్లీ ఎదురొస్తాయి, అప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని జవాబులు రాశాను. వరుసగా చదవాలనేం లేదు, మీకు అడ్డుపడుతున్న ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

కెమిస్ట్రీ అంటే రంగులు, పొగలు, రియాక్షన్లు కదా, మొదటి చాప్టర్ కొలతలతో ఎందుకు మొదలవుతుంది?

ఎందుకంటే కెమిస్ట్రీ సైన్సుగా మారింది తూకం వల్లే. 18వ శతాబ్దంలో చాలామంది శాస్త్రవేత్తలు ఏదైనా వస్తువు మండితే దానిలోంచి ఫ్లోజిస్టన్ అనే ఒక పదార్థం బయటికి పోతుందని గట్టిగా నమ్మేవాళ్లు. అలా పోతే బరువు తగ్గాలి కదా, కానీ లోహాలను గాలిలో బాగా వేడిచేస్తే బరువు పెరుగుతోంది. ఫ్రాన్స్‌లో లవోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త 1770ల్లో తగరాన్ని గాజు పాత్రలో పెట్టి, మూతి పూర్తిగా మూసేసి వేడిచేశాడు. వేడిచేయకముందు, చేశాక పాత్ర మొత్తం తూచితే బరువు మారలేదు. మూతి తెరవగానే బయటి గాలి లోపలికి దూసుకెళ్లింది, అప్పుడు పెరిగింది బరువు. అంటే లోహం లోపలి గాలిలోంచి ఏదో తీసుకుందన్నమాట, ఆ ఖాళీని నింపడానికే బయటి గాలి వచ్చింది. ఆ తీసుకున్నదే ఆక్సిజన్ అని తర్వాత తేలింది. కళ్లతో ఎంతసేపు చూసినా తేలని వాదన ఒక త్రాసు దగ్గర తేలిపోయింది. రసాయనిక చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్న నియమాన్ని ఆయన 1789లో తన పుస్తకంలో రాశాడు. కొలతల చాప్టర్ బోర్ కొట్టినప్పుడు ఈ ప్రయోగం గుర్తుచేసుకోండి.

పదార్థం అంటే ఏమిటి? గాలి, వెలుతురు, వేడి కూడా పదార్థమేనా?

ద్రవ్యరాశి ఉండి, కొంత చోటు ఆక్రమించేది ఏదైనా పదార్థమే. గాలి కచ్చితంగా పదార్థమే, కనిపించదు కాబట్టి చాలామంది లెక్కలోకి తీసుకోరు. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఒక క్యూబిక్ మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు ఉంటుంది, అంటే ఒక మోస్తరు గదిలోని గాలి మొత్తం కలిపితే పదుల కిలోల్లోకి వెళుతుంది. వెలుతురు, వేడి, శబ్దం పదార్థాలు కావు. వేడి అనేది శక్తి, అది ఒక పదార్థంలోంచి ఇంకో పదార్థంలోకి వెళుతుంది.

ద్రవ్యరాశి, బరువు ఒకటే కదా? రెండు పేర్లెందుకు?

ఒకటి కాదు. ద్రవ్యరాశి అంటే వస్తువులో ఎంత పదార్థం ఉందో చెప్పే కొలత, దాన్ని కిలోగ్రాముల్లో చెబుతాం. బరువు అంటే ఆ వస్తువును గురుత్వాకర్షణ ఎంత బలంతో లాగుతోందో చెప్పేది, అది బలం కాబట్టి న్యూటన్లలో రావాలి. 60 కిలోల మనిషి బరువు భూమి మీద దాదాపు 588 న్యూటన్లు, చంద్రుడి మీద 97 న్యూటన్లు. మనిషి మాత్రం ఏమీ తగ్గలేదు, అక్కడా 60 కిలోలే.

మాట్లాడేటప్పుడు అందరం "బరువెంత?" అనే అడుగుతాం, అందులో తప్పేం లేదు. కానీ లెక్క రాసేటప్పుడు ఏది అడిగారో చూసుకోండి.

పదార్థ స్థితులు మూడా, నాలుగా?

మొదటి పాఠానికి ఘన, ద్రవ, వాయు స్థితులు మూడూ చాలు. నాలుగోది ప్లాస్మా, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు లాంటి స్థితి. మెరుపులో, సూర్యుడిలో, నక్షత్రాల్లో ఉండేది అదే.

అసలు పట్టుకోవాల్సింది సంఖ్య కాదు, లోపల ఏం జరుగుతోందన్నది. 18 గ్రాముల నీళ్లు ద్రవంగా ఉంటే దాదాపు 18 మిల్లీలీటర్లు. అవే 18 గ్రాములు 100 డిగ్రీల దగ్గర మామూలు వాతావరణ పీడనంలో ఆవిరైతే సుమారు 30 లీటర్లు, అంటే పదహారు పదిహేడు వందల రెట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు: అణువులే ఉబ్బిపోయాయి అనుకుంటారు. అణువు సైజు మారలేదు, సంఖ్య మారలేదు, వాటి మధ్య దూరం పెరిగిందంతే. అలాగే ఐస్ కరిగినప్పుడు "అణువులు కరగడం" అంటూ ఏమీ ఉండదు. ఒక్క అణువును పట్టుకుని ఇది ఘనమా ద్రవమా అని అడగలేం, బోలెడన్ని అణువులు కలిసి ఎలా సర్దుకున్నాయో, ఎలా కదులుతున్నాయో చెప్పే మాటలవి.

నీళ్లు మరిగేటప్పుడు వచ్చే బుడగల్లో ఏముంటుంది?

నీటి ఆవిరి. హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. మరగడంలో నీటి అణువు విడిపోదు. విడగొట్టాలంటే కరెంటు పంపించడం లాంటిది ఏదైనా చేయాలి. అయితే ఇంకా మరగకముందే, వేడెక్కడం మొదలైనప్పుడు గిన్నె గోడలకు అంటుకుని చిన్నచిన్న బుడగలు కనిపిస్తాయి చూడండి, అవి ఎక్కువగా నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి రావడం వల్ల వచ్చేవి. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో గాలి కరిగే శక్తి తగ్గుతుంది కాబట్టి అలా జరుగుతుంది.

మూలకం, సమ్మేళనం, మిశ్రమం: తేడా ఎలా పట్టుకోవాలి?

రెండు ప్రశ్నలు వేసుకోండి. వడపోత, ఇగర్చడం, స్వేదనం లాంటి భౌతిక పద్ధతులతో దీన్ని వేర్వేరు పదార్థాలుగా విడదీయగలమా? విడదీయగలిగితే మిశ్రమం. విడదీయలేకపోతే రెండో ప్రశ్న: రసాయనిక చర్యతోనైనా ఇంతకంటే సరళమైన పదార్థాలుగా విడగొట్టగలమా? అవునంటే సమ్మేళనం, కాదంటే మూలకం. ఇప్పటిదాకా గుర్తించిన మూలకాలు 118.

సమ్మేళనానికి ఇంకో గట్టి గుర్తు ఉంది: దాని నిష్పత్తి మారదు. ఎక్కడి నీళ్లయినా సరే, శుద్ధంగా ఉంటే ద్రవ్యరాశిలో దాదాపు 11.2 శాతం హైడ్రోజన్, 88.8 శాతం ఆక్సిజన్. ఉప్పునీళ్లు అలా కాదు, చెంచాడు ఉప్పు వేసినా రెండు చెంచాలు వేసినా ఉప్పునీళ్లే. పైగా సమ్మేళనంలో మూలకాల స్వభావం మిగలదు. సోడియం నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహం, క్లోరిన్ విషవాయువు, రెండూ కలిస్తే మనం తినే ఉప్పు.

గాలి, ఇత్తడి, చక్కెర నీళ్లు అన్నీ మిశ్రమాలే. అంతటా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సజాతీయ మిశ్రమాలు అంటాం. కంటికి ఒకేలా కనిపించినంత మాత్రాన శుద్ధ పదార్థం అయిపోదు.

నీళ్లలో ఉప్పు కలపడం భౌతిక మార్పా, రసాయనిక మార్పా?

పరీక్షలో అడిగితే భౌతిక మార్పు అని రాయండి, ఎక్కువ పాఠ్యపుస్తకాలు అదే చెబుతాయి, నీళ్లు ఇగిరిపోతే ఉప్పు మళ్లీ ఉప్పుగానే దొరుకుతుంది కాబట్టి. కానీ ఈ ప్రశ్న వేసినవాళ్లు మంచి ప్రశ్న వేశారు. చక్కెర కరిగినప్పుడు దాని అణువులు చెక్కుచెదరకుండా నీళ్లలో చెదిరిపోతాయి. ఉప్పు కరిగినప్పుడు మాత్రం స్ఫటికంలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) విడిపోయి, ఒక్కొక్క దాని చుట్టూ నీటి అణువులు చేరతాయి. బంధాల వరకు చూస్తే ఏదో మారినట్టే. భౌతిక, రసాయనిక అనే గీత ప్రకృతి గీసింది కాదు, మన సౌకర్యానికి మనం గీసుకున్నది, కొన్ని మార్పులు ఆ గీత మీదే నిలబడతాయి. నన్నడిగితే పేరు పెట్టడం కంటే లోపల ఏం జరిగిందో చెప్పగలగడం చాలా ముఖ్యం.

ఎస్‌ఐ యూనిట్లు ఎన్ని? అన్నీ బట్టీ పట్టాలా?

ఎస్ఐ అంటే ప్రపంచమంతా ఒప్పుకున్న కొలతల పద్ధతి. దాని మూల యూనిట్లు ఏడు: మీటరు, కిలోగ్రాము, సెకను, ఆంపియర్, కెల్విన్, మోల్, క్యాండెలా. మొదటి ఏడాది కెమిస్ట్రీలో క్యాండెలా పెద్దగా తగలదు. మిగతా యూనిట్లన్నీ వీటిలోంచి పుట్టినవే. ఘనపరిమాణానికి క్యూబిక్ మీటరు ఉన్నా అది ల్యాబ్‌కి మరీ పెద్దది కాబట్టి లీటరు, మిల్లీలీటరు వాడతాం. 1 మిల్లీలీటరు సరిగ్గా 1 క్యూబిక్ సెంటీమీటరు, ఇది ఒక్కటి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఉపసర్గల (యూనిట్ ముందు చేర్చే మిల్లీ, కిలో లాంటి మాటల) దగ్గర అక్షరం సైజు చూసుకోండి. చిన్న ఎమ్ అంటే మిల్లీ, పెద్ద ఎమ్ అంటే మెగా, రెండింటికీ తేడా వంద కోట్ల రెట్లు.

కిలోగ్రాము నిర్వచనం మార్చారట, నిజమేనా? మరి పాత కిలో ఏమైంది?

నిజమే. 1889 నుంచి కిలోగ్రాము అంటే పారిస్ పక్కన సెవ్ర్‌లో భద్రపరిచిన ఒక ప్లాటినం-ఇరిడియం స్తూపం ద్రవ్యరాశి. ప్రపంచంలో ప్రతి తూకం చివరికి దానితోనే ముడిపడి ఉండేది. చిక్కేమిటంటే, దాని నకళ్లను తెచ్చి పోల్చినప్పుడు దాదాపు వందేళ్లలో వాటికీ దీనికీ మధ్య 50 మైక్రోగ్రాముల దాకా తేడా వచ్చింది. మారింది నకళ్లా, అసలుదా? చెప్పే దారే లేదు, ఎందుకంటే నిర్వచనం ప్రకారం ఆ స్తూపం ఎలా ఉన్నా సరే అదే ఒక కిలో!

అందుకే 2018 నవంబరు 16న వెర్సాయ్‌లో సమావేశమైన దేశాలు నిర్వచనాన్ని మార్చాలని ఓటేశాయి, 2019 మే 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కిలోగ్రాము ఏ వస్తువు మీదా ఆధారపడదు. ప్రకృతిలో ఎప్పుడూ మారని ఒక సంఖ్య అయిన ప్లాంక్ స్థిరాంకం విలువను 6.62607015×10⁻³⁴ జౌల్ సెకన్లుగా స్థిరపరిచి, దానిలోంచి కిలోగ్రామును రాబడతారు. మీటరుకు ఈ పని 1983లోనే అయిపోయింది, కాంతి సెకనుకు 299792458 మీటర్లు వెళుతుందని స్థిరపరిచి. మీ త్రాసులో మీకు ఏ తేడా కనిపించదు, కొత్త కిలో పాతదానితో సరిపోయేలా చూసుకునే ఆ విలువ ఎంచుకున్నారు.

సాంద్రత అంటే ద్రవ్యరాశి బై ఘనపరిమాణం, అంతే కదా? దానికి అంత హడావిడి ఎందుకు?

సూత్రం అంతే. నీటి సాంద్రత మిల్లీలీటరుకు 1 గ్రాము, అల్యూమినియం 2.7, ఇనుము 7.9, పాదరసం 13.6, బంగారం 19.3. అంటే ఒక లీటరు పాదరసం 13.6 కిలోలు తూగుతుంది. పదార్థాన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలికైన లక్షణం దొరకదు.

కానీ సాంద్రత యూనిట్ తప్పితే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటుంది, లెక్కతో సహా చూద్దాం. 1983 జులై 23న కెనడాలో ఎయిర్ కెనడా 143 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో అప్పటికే 7,682 లీటర్లు ఉన్నాయి. లీటర్లను కిలోలుగా మార్చాలంటే ఇంధనం సాంద్రతతో గుణించాలి, అది లీటరుకు దాదాపు 0.8 కిలోలు. వాళ్లు వాడిన సంఖ్య 1.77. అది కూడా సరైన సాంద్రతే, కాకపోతే లీటరుకు పౌండ్లలో! కొత్త విమానం మెట్రిక్‌లో, పాత అలవాటు పౌండ్లలో. 7,682ని 1.77తో గుణిస్తే 13,597 వచ్చింది, దాన్ని కిలోలనుకున్నారు. 22,300లోంచి తీసేస్తే 8,703, దాన్ని మళ్లీ 1.77తో భాగిస్తే 4,917 లీటర్లు. అంతే పోయించారు. నిజంగా పోయాల్సింది సుమారు 20,000 లీటర్లు. దారి మధ్యలో, 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోవడం మొదలై, కాసేపట్లో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని ఇంజన్ లేకుండానే గాలిలో జార్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దింపారు, ఎవరి ప్రాణమూ పోలేదు.

ఆ లెక్కలో గుణకారం తప్పు లేదు, తీసివేత తప్పు లేదు, భాగహారం తప్పు లేదు. 1.77 పక్కన యూనిట్ రాసి ఉంటే లీటర్లు, లీటర్లు కొట్టేశాక మిగిలేది పౌండ్లని కాగితమే చూపించేది.

అయితే యూనిట్ల మార్పిడి తప్పు లేకుండా ఎలా చేయాలి?

ప్రతి సంఖ్య పక్కనా యూనిట్ రాయండి, యూనిట్లను కూడా సంఖ్యల్లాగే పైనా కిందా కొట్టేయండి, చివర్లో మిగిలిన యూనిట్ మీకు కావలసినదేనా చూడండి. గుణించాలా భాగించాలా అన్న అనుమానం దీనితో పోతుంది. వర్గాలు, ఘనాలు వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి: 1 మీటరు 100 సెంటీమీటర్లే, కానీ 1 క్యూబిక్ మీటరు 100 క్యూబిక్ సెంటీమీటర్లు కాదు, 10 లక్షలు.

50 మిల్లీలీటర్ల నీళ్లు, 50 మిల్లీలీటర్ల ఇథనాల్ కలిపితే 100 మిల్లీలీటర్లు రావడం లేదేంటి?

రాదు. గది ఉష్ణోగ్రతలో సుమారు 96, 97 మిల్లీలీటర్లే వస్తుంది. ఏదీ ఒలికిపోలేదు, తూచి చూడండి, ద్రవ్యరాశి ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. రెండు రకాల అణువులు కలిసినప్పుడు విడివిడిగా ఉన్నప్పటికంటే దగ్గరగా సర్దుకుంటాయి, అందుకే ఘనపరిమాణం తగ్గుతుంది. ద్రవ్యరాశులను ఎప్పుడైనా కూడవచ్చు, ఘనపరిమాణాలను అలా గుడ్డిగా కూడకూడదు. నీళ్లు ఐసైనప్పుడు కూడా ఇంతే, ద్రవ్యరాశి అలాగే ఉంటుంది కానీ ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఎంత కచ్చితంగా కావాలో అంత ద్రవ్యరాశి వైపు మొగ్గు చూపండి.

కొలజాడీలో నీటిమట్టం వంపుగా ఉంటుంది, ఎక్కడ చూడాలి?

నీళ్లయితే వంపు అడుగు భాగం దగ్గర, మీ కన్ను సరిగ్గా ఆ ఎత్తులో ఉండాలి. పైనుంచి వంగి చూస్తే అంకె మారిపోతుంది. పాదరసం పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి దానికి పై భాగం చూడాలి. బ్యూరెట్‌లో (కింద కుళాయి ఉన్న సన్నటి కొలగొట్టంలో) గీతలు 0.1 మిల్లీలీటరుకు ఒకటి ఉంటే, రెండు గీతల మధ్య ఎక్కడుందో అంచనా వేసి రెండో దశాంశం కూడా రాయాలి. సరిగ్గా గీత మీదే ఉంటే 23.4 అని వదిలేయకుండా 23.40 అని రాయండి.

ఆ చివరి సున్నాకి విలువ ఏముంది? సార్థక సంఖ్యలంటే అదేనా?

అదే. 23.4 అంటే మొదటి దశాంశం వరకే చూశానని, 23.40 అంటే రెండో దశాంశం కూడా చూశానని. సార్థక సంఖ్యలు, అంటే నిజంగా కొలిచిన అంకెలు, కొలిచిన మనిషి నిజాయితీ, కాగితం మీద కనిపించే రూపంలో. ఒక లోహపు ముక్క 24.6 గ్రాములు ఉందనుకోండి. దాన్ని 20.0 మిల్లీలీటర్ల నీళ్లున్న జాడీలో ముంచితే మట్టం 29.1కి పెరిగింది. ఘనపరిమాణం 9.1 మిల్లీలీటర్లు. క్యాలిక్యులేటర్ సాంద్రతను 2.7032967 అంటుంది, మీరు మాత్రం 2.7 అని రాసి ఆపాలి, ఎందుకంటే 9.1లో ఉన్నవి రెండే సార్థక సంఖ్యలు. మిగతా అంకెలు మీరు కొలవలేదు, మెషీన్ పుట్టించింది. ఆ 2.7 చూసి ముక్క అల్యూమినియం అయ్యుండొచ్చని చెప్పడానికి అది చాలు.

ముందుండే సున్నాలు లెక్కలోకి రావు: 0.0050లో రెండే. 1200 అని ఊరికే రాస్తే రెండా, మూడా, నాలుగా తెలియదు, 1.20×10³ అని రాస్తే మూడని తేలిపోతుంది.

40 డిగ్రీల సెల్సియస్ 20 డిగ్రీల కంటే రెట్టింపు వేడా?

కాదు. సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు, మనం ఎంచుకున్న గుర్తు మాత్రమే. 1742లో సెల్సియస్ స్వయంగా పెట్టిన స్కేలులో నీళ్లు మరిగేది 0 దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర, తర్వాత తిరగేశారు. నిజమైన సున్నా మైనస్ 273.15 డిగ్రీల దగ్గర ఉంది, కెల్విన్ అక్కడి నుంచి లెక్కపెడుతుంది. 20 డిగ్రీలంటే 293 కెల్విన్, 40 అంటే 313, అంటే పెరిగింది 7 శాతమే. వాయువుల లెక్కల్లో ఎప్పుడూ కెల్విన్‌లోకి మార్చమనేది ఇందుకే.

మోల్ అర్థమే కావడం లేదు. అంత పెద్ద సంఖ్య ఎందుకు?

డజను అంటే పన్నెండు, మోల్ అంటే 6.02214076×10²³, అంతకుమించి దానిలో రహస్యం లేదు. అంత పెద్దది ఎందుకంటే అణువులు అంత చిన్నవి. సెకనుకు కోటి చొప్పున లెక్కపెట్టినా ఒక మోల్ పూర్తవడానికి దాదాపు 190 కోట్ల ఏళ్లు పడుతుంది, అయినా ఒక మోల్ నీళ్లంటే 18 గ్రాములే, ఒక గుక్క. అణువులను లెక్కపెట్టలేం, తూచగలం. ఆ సంఖ్యను ఎంచుకున్న తీరులోనే సౌకర్యం ఉంది: ఒక కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో పన్నెండో వంతును ఒక యూనిట్‌గా తీసుకుంటే, ఆ యూనిట్లలో అణువు ద్రవ్యరాశి ఎంతో, గ్రాముల్లో ఒక మోల్ కూడా అంతే. నీటి అణువు 18 యూనిట్లు, ఒక మోల్ 18 గ్రాములు. కాబట్టి 9 గ్రాముల నీళ్లు కనిపిస్తే అర మోల్ అనేయొచ్చు. లెక్కల్లో ఎప్పుడు ఇరుక్కున్నా ముందు గ్రాములను మోల్‌లుగా మార్చేయండి, రియాక్షన్ సమీకరణం మాట్లాడేది గ్రాములతో కాదు, మోల్‌లతోనే.

ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లా, 22.7 లీటర్లా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది.

రెండూ సరైనవే, పీడనం వేరు. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 అట్మాస్ఫియర్ పీడనం తీసుకుంటే 22.4 లీటర్లు. 1982 నుంచి రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ఐయుపిఎసి ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌గా, అంటే 100 కిలోపాస్కల్‌గా తీసుకోమంది. అది అట్మాస్ఫియర్ కంటే కాస్త తక్కువ, పీడనం తగ్గితే వాయువు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి 22.7. చాలా పుస్తకాలు ఇంకా పాత విలువే వాడుతున్నాయి. మీ పుస్తకంలో ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) అంటే ఎంత పీడనమని రాశారో ముందు వెతికి, దానికి సరిపడే సంఖ్య వాడండి. ఇంకో జాగ్రత్త, ఈ రెండు విలువలూ ఆదర్శ వాయువుకి (అణువుల సైజు, వాటి మధ్య ఆకర్షణ లెక్కలోకి తీసుకోని ఊహా వాయువుకి), 0 డిగ్రీల దగ్గర మాత్రమే. లెక్కలో గది ఉష్ణోగ్రత, అంటే 25 డిగ్రీలు ఇస్తే ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు, 1 అట్మాస్ఫియర్ దగ్గర అది దాదాపు 24.5 లీటర్లు అవుతుంది.